ముందే పంచిన బంగారం

గుండ్రటి బావిలో ఏడాది పాటు ఈత కొట్టిన మనిషికి తిన్నగా పోవడం రాదు. ఈ సంగతి నాకు మానేరు డ్యాం నడి నీళ్ళలో తెలిసింది. మేం చుట్టి రావలసిన చోటుకు గుర్తుగా నీళ్ళ మీద నారింజ రంగు గాలిబుడగ ఒకటి కట్టారు. తలెత్తి చూసినప్పుడల్లా అది నాకు కుడివైపున ఎక్కడో కనిపించేది. తిన్నగానే పోతున్నాననుకుంటూ నేను ఎడమకు పోతున్నాను. చిన్న పడవలో కాపలా ఉన్నతను గొంతు చించుకుంటున్నాడు.

"మేడం, ఎటు పోతున్నరు? గటు పోతే వేరే ఊరొస్తది! ఇటు రాండ్రి, ఇటు!"

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. నీళ్ళలో ఉన్నప్పుడు ఆ రెండూ పనికిరావు. ఒక గుక్కెడు మానేరు మింగి, కుడికి తిరిగాను.

అది నా మొదటి లాంగ్ డిస్టెన్స్ ట్రయాథ్లాన్. దాదాపు రెండు కిలోమీటర్ల ఈత, ఆ తడి బట్టల మీదే తొంభై కిలోమీటర్ల సైకిల్, సైకిల్ దిగీ దిగగానే ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. దేని గడువులోగా దాన్ని ముగించి చివరి గీత దాటితే పూర్తిచేసినట్టు. దాటకపోతే పొద్దున్నుంచీ ఎంత కష్టపడినా చెయ్యనట్టే లెక్క. అప్పటికి నాకు నలభై దాటి కొన్నేళ్ళయింది. మెట్‌పల్లి దగ్గర ఒక సర్కారు బడిలో సైన్సు చెబుతాను. నన్ను చూసి ఎవరూ ఆటల మనిషి అనుకోరు. నేనూ అనుకోలేదు.

అసలు ఇదంతా గుండె పాఠంతో మొదలైంది. ఒకరోజు పుస్తకాల కట్ట మోసుకుంటూ మెట్లెక్కి తరగతికి పోయాను. గుండె ఎలా కొట్టుకుంటుందో చెప్పాలి. నాడి చూడడం నేర్పుదామని నా చెయ్యి ముందు బెంచీ పిల్లకిచ్చాను. ఆ పిల్ల కాసేపు పట్టుకొని, కళ్ళు పెద్దవి చేసి, "టీచర్, మీరు ఉర్కొచ్చిన్రా?" అంది. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ లోపల మండింది. మర్నాటి నుంచి నడక, కొన్నాళ్ళకు పరుగు, ఆ తర్వాత హైదరాబాద్ నుంచి ఎవరో వాడిన గేర్ల సైకిల్. కరీంనగర్‌లో ఈ పోటీ పెడుతున్నారని తెలిసిన రోజున ఒంటి మీద తెలివి లేనట్టే పేరిచ్చేశాను.

మా ఇంట్లో నేనూ మా అత్తమ్మా ఇద్దరమే ఉంటాం. మా ఆయన దుబాయ్‌లో పనిచేస్తాడు. అత్తమ్మ పుట్టిల్లు బోథ్ దిక్కు, మహారాష్ట్ర సరిహద్దున పత్తి చేలలో పెరిగిన మనిషి. అక్కడి మరాఠీ ముక్కలు ఒకటి రెండు ఆమె నాలుకను ఇప్పటికీ వదల్లేదు. దేనికైనా సరేననాలంటే "బర్" అంటుంది. ఊరికే అనదు. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా పనికి ఆమె బర్ అన్న సందర్భాలు చెప్పమంటే నేను చాలాసేపు ఆలోచించుకోవాలి.

దాని బదులు ఆమె నా గురించి అందరికీ చెప్పే మాట ఒకటుంది. "మా కోడలికి మొదలువెట్టుడు ఎర్కే గని, ఒడగొట్టుడు ఎర్క లేదు." ఒడగొట్టడమంటే పూర్తిచెయ్యడం. పని అయిపోతే ఒడిసిందంటాం. చుట్టాలొచ్చినా, పాలవాడొచ్చినా, నన్ను పక్కన నిలబెట్టుకొని మరీ ఆ మాట అనేది. ఒళ్ళు మండేది. కానీ ఏమని కాదంటాను? ఎమ్మెస్సీ సగంలో వదిలేశాను. హిందీ పరీక్షలకు కట్టి చివరి దానికి పోలేదు. సగం కుట్టిన జాకెట్లు బీరువా అడుగున ఒక మూటెడున్నాయి, వాటిలో కొన్నింటికి ఒక చెయ్యే ఉంది. అందుకే ఈ పోటీలో నాకు పతకాల మీదా, ఎవరికన్నా ముందు రావడం మీదా ఆశ లేదు. ఒడగొట్టాలి. ఆమె కళ్ళ ముందు ఒక్కటంటే ఒక్కటి ఒడగొట్టాలి. అంతే నాకు కావలసింది.

నేను నస్పూర్‌లో పుట్టాను. బాపు బొగ్గుబావిలో పనిచేసేవాడు. గోదావరి దగ్గరే కాబట్టి ఈత చిన్నప్పుడే వచ్చింది. మెట్‌పల్లిలో మాత్రం ఈతకు మాకున్నది పొలం దగ్గరి బావొకటే. రాతి కట్టు, లోపలికి మెట్లు, వెడల్పాటి గుండ్రటి బావి. అడ్డంగా ఈదితే నాలుగు బారలకే గోడ తగులుతుంది. అందుకని గోడ వెంబడే గుండ్రంగా ఈదేదాన్ని, ఎప్పుడూ ఎడమ చేతి వైపే. పొద్దున్నే నేను లోపల తిరుగుతుంటే అత్తమ్మ ఒడ్డు మీద తుమ్మకట్టె పట్టుకొని కూర్చునేది. నా మీద ప్రేమతో కాదట, కోడలు బావిలో ఈదుతుందని తెలిసి ఎవడైనా తొంగిచూస్తే వాడి కాళ్ళు విరగ్గొట్టడానికట.

ఇంతలో వాడకట్టులో ఇంకో కథ పుట్టింది. మా ఇంటెదురామె ఒకరోజు అత్తమ్మను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగింది.

"మీ కోడలు రోజు పొద్దుగాల ఈతకు పోతుందట గదా? టీచరమ్మకు గిదెప్పటి సంది అలవాటైంది?"

పొద్దుటి పూట ఈతకు పోవడమంటే మా దిక్కు ఈతకల్లుకు పోవడమే. పైగా నేను తిరిగొచ్చేటప్పటికి కళ్ళు ఎర్రగా, జుట్టు రేగిపోయి, కాళ్ళు తడబడుతూ ఉండేవి. అత్తమ్మ ఇల్లెగిరిపోయేలా అరిచింది.

"కల్లు ఈత గాదే, నీళ్ళ ఈత! నేను ఒడ్డు మీద కూసోనే ఉంట గదనే!"

"నువ్వు గూడ పోతున్నవా?" అంది ఎదురింటామె.

ఆ వారమంతా అత్తమ్మ నాతో మాట్లాడలేదు. అయినా బావి దగ్గరికి రావడం మానలేదు.

కోరుట్ల రోడ్డు మీద ఒకసారి పడ్డాను. కొత్తగా వేసిన స్పీడ్ బ్రేకర్ చూసుకోలేదు. మోచెయ్యి, మోకాలు గీరుకుపోయి, మొహం మట్టి కొట్టుకుపోయి, సైకిల్ నడిపించుకుంటూ ఇల్లు చేరాను. ఇక చాలు మానెయ్యమంటుందని తయారుగా ఉన్నాను, బదులేం చెప్పాలో కూడా దారిలోనే అనుకున్నాను. అత్తమ్మ పసుపు నూరి పెట్టింది. తర్వాత దేవుడి గూటి వైపు తిరిగి నిలబడి, నాకు వినబడేలా మొక్కింది.

"సమ్మక్క తల్లీ, నా కోడలు గీ పోటీ ఒడగొట్టి, కాళ్ళు చేతులు మంచిగుండి ఇంటికొస్తే, దాని నిలువెత్తు బంగారం ఇస్త."

నిలువెత్తు బంగారమంటే మనిషిని కాంట మీద ఒకవైపు కూర్చోబెట్టి, రెండోవైపు అంత ఎత్తు బెల్లం తూచి అమ్మవారికి ఇవ్వడం. అమ్మవారికి ఇచ్చే బెల్లాన్ని బెల్లమని అనం, బంగారమనే అంటాం. జాతర దాకా ఆగలేనివాళ్ళు ఇంటి దగ్గరే కొబ్బరికాయ కొట్టి, ఇంత బెల్లం మేడారం పంపడానికి తీసిపెట్టి, మిగిలింది వాడకట్టుకు పంచుతారు. మొక్కు సంగతి సాయంత్రానికే ఊరంతా తెలిసిపోయింది. ఇక నేను పోటీ మధ్యలో ఆపితే అది నా ఒక్కదాని సంగతి కాకుండా పోయింది.

పోటీకి కొన్నాళ్ళ ముందు అత్తమ్మ నన్ను బెల్లం దుకాణానికి తీసుకుపోయింది. ఎంత చెప్పి పెట్టాలో తెలియాలి కదా అంది. అప్పటికి ఏడాది పరుగులతో నేను బాగా తగ్గాను. కాంట ముల్లు చూసి దుకాణమాయన నవ్వాడు.

"టీచరమ్మా, మీరు తగ్గిన్రు, మా బేరం గూడ తగ్గింది."

అత్తమ్మకు తల కొట్టేసినట్టయింది. "గింత బక్కగైతే తల్లికేం ఇస్తం? చూసేటోళ్ళు కోడలికి తిండి పెడ్తలేదనుకుంటరు," అని, నా సంచిలో ఉన్న హెల్మెట్, సైకిల్ బూట్లు, నీళ్ళ సీసాలు తీసి ఒక్కొక్కటే నా ఒళ్ళో పెట్టించింది. "గివి గూడ దానియే గదా, తూచు," అంది. సైకిల్ కూడా పెట్టించేదే, అది ఇంట్లో ఉండబట్టి బతికిపోయాం.

పోటీ రోజుకు నా వెంట నస్పూర్ నుంచి మా తమ్ముడొచ్చాడు. గనిలో పనిచేస్తాడు, సెలవు పెట్టి వచ్చాడు. సైకిల్ దారిలో మలుపు దగ్గర నీళ్ళిచ్చే బల్ల ఉంటే అక్కడ పనికి ఒప్పుకున్నాడు. అత్తమ్మ ఇంటి దగ్గరే ఉంటానంది. "నీళ్ళల్ల నిన్ను చూస్తే నా పానం ఆగది," అని, మలీద ముద్దలు చేసి డబ్బాలో పెట్టి ఇచ్చింది. రొట్టెలు నలిపి బెల్లంతో కట్టిన ఆ ముద్దలే నా సైకిల్ సంచిలో తిండి. అందరూ గొట్టాల్లోంచి ఏదో జిగురు పీల్చుకుంటున్నారు.

వంకరటింకరగా ఈదినా, గడువులోపే నీళ్ళలోంచి బయటపడ్డాను. ఒడ్డున ఉన్న తమ్ముడు చప్పట్లు కొట్టి, "సగం గెలిచినవక్కా!" అని అరిచి, తన బల్ల దగ్గరికి పోయాడు. సగం కాదు, అది మొదటి ముక్క మాత్రమే. కానీ అప్పుడు నాకూ సగం గెలిచినట్టే ఉంది. సైకిలెక్కాను.

అవి వరికోతల రోజులు. రోడ్డుకు ఒకవైపు పొడుగునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. మిగిలిన సగంలోనే మేమూ, ట్రాక్టర్లూ, ఎదురుగాలీ. ఒకే దారిని మూడుసార్లు చుట్టాలి. మొదటి చుట్టు పాటలు పాడుకుంటూ తిరిగాను. రెండో చుట్టు సగమయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది, పిక్కలు బిగుసుకుపోయాయి. నాకన్నా ముందున్నవాళ్ళు కనబడ్డం మానేశారు, వెనకున్నవాళ్ళు ఒక్కొక్కరే నన్ను దాటిపోయారు. వడ్లు తిరగేస్తున్న ఒకామె పార ఆపి, "ఎందుకు బిడ్డా గింత కష్టం, బస్సు రాలేదా?" అంది. ఇంకెప్పుడైనా అయితే నవ్వేదాన్ని. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

తమ్ముడి బల్ల దగ్గర దిగిపోయాను. దిగడం కాదు, పడడమే. సైకిల్‌ను గట్టుకు ఆనించి, నేల మీద కూర్చున్నాను.

"నాతోని కాదురా. ఇగ ఆపేస్త. ఇంటికి పోదాం."

వాడు వద్దనలేదు. నీళ్ళు నెత్తిన పోసి, నా కాళ్ళు పట్టి లాగాడు. వాడి మొహం మాత్రం అదోలా ఉంది.

"ఆపుతే ఆపు అక్కా. కని ఒక ముచ్చట చెప్తా, తిట్టద్దు. మీ అత్తమ్మ బంగారం పంచేసిందట."

"ఏం బంగారంరా?"

"సమ్మక్క బంగారం. నీ మొక్కు. పొద్దుగాల్నే కొబ్బరికాయ కొట్టి, వాడకట్టు మొత్తం పంచిందట."

వాడే చెప్పుకొచ్చాడు.

"నువ్వు నీళ్ళలకెల్లి రాంగనే బావకు ఫోన్ చేసిన, ఈత ఒడిసింది అని. బావ గదే ముచ్చట మీ అత్తమ్మకు చెప్పిండు. 'అవ్వా, ఒడిసింది' అన్నడట. ఇగ సైకిల్ ఎక్కింది అని చెప్పేలోపట్నే ఆమె ఫోన్ పెట్టేసిందట. మల్ల చేస్తే ఎత్తలే. ఎత్తేటాళ్ళకు బుట్టలన్ని ఖాళీ అయినయ్. బావ పరేషాన్ అయితుండు."

ముందు నాకొచ్చింది కోపమే. తొందరెందుకు ఈమెకు? మూడు పోటీలని వంద సార్లు చెప్పాను, వేళ్ళు మడిచి చూపించాను. పని కాకముందే మొక్కు తీర్చినవాళ్ళు ఎక్కడైనా ఉంటారా? పనయ్యాక మొక్కు ఎగ్గొట్టినవాళ్ళను చాలామందిని చూశాను గానీ ఇలాంటిది వినలేదు. ఇప్పుడు నేను బస్సులో ఇంటికి పోతే వాడకట్టంతా నా బెల్లం తిని నా మొహం చూస్తుంది.

మంచినీళ్ళు తాగుతూ ఉండగా మిగతాది మెల్లగా తలకెక్కింది. నాకు ఒడగొట్టుడు ఎర్క లేదని పాలవాడికి కూడా చెప్పిన మనిషి, ఒడిసిందన్న ఒక్క మాట వినగానే నమ్మేసింది. "నిజమేనా?" అనలేదు. "ఇంత తొందరగానా?" అనలేదు. మారు మాట అడక్కుండా బెల్లం బుట్టలు ఒక్కొక్కటే నెత్తికెత్తుకొని, ఇంటింటికీ తిరిగి, మా కోడలు ఒడగొట్టిందని చెప్పుకుంది. ఆమె మొహం నాకు కనబడుతోంది. నేను చూడని ఆ మొహం ఎంత గర్వంగా ఉండి ఉంటుందో!

"మలీద ముద్ద తియ్యిరా," అన్నాను.

"పోతవా?"

"పోక? బెల్లం వాపస్ అడుగుమంటవా ఇంటింటికి పొయ్యి?"

రెండు ముద్దలు తిని సైకిలెక్కాను. ఆ చుట్టులో మిగిలిందీ, మూడో చుట్టూ ఎలా తిరిగానో నాకు పెద్దగా గుర్తు లేదు. ఆ వడ్లామె ఈసారి నన్ను చూసి, "ఇంకా పోలేదా బిడ్డా!" అని పార ఎత్తి ఊపింది. సైకిల్ గడువు ముగియబోతుండగా వచ్చి పడ్డాను. గడియారం దగ్గరున్నతను "పోండ్రి మేడం, పోండ్రి, టైముంది!" అంటూ నన్ను పరుగు దారి వైపు తోసినంత పని చేశాడు.

పరుగు డ్యాం కట్ట మీద. కట్ట చివరిదాకా పోయి రావడం, మళ్ళీ పోయి రావడం. కాళ్ళు నావి కావు. కాసేపు పరుగు, కాసేపు నడక. నడుస్తున్నప్పుడు నాకు సిగ్గనిపించలేదు. ఒకవైపు నిండుగా నీళ్ళు, రెండోవైపు పచ్చటి పల్లం, ముందు ఎండ దిగుతున్న ఆకాశం. నా జీవితంలో నా కాళ్ళను నేను అంతగా మెచ్చుకున్న రోజు లేదు.

ఆఖరి చుట్టుకు తిరుగుతుంటే కట్ట పక్కన రాయి మీద ఎవరో చీర కొంగు నెత్తిన కప్పుకొని కూర్చొని ఉన్నారు. ఒళ్ళో స్టీలు డబ్బా. దగ్గరికి పోతే అత్తమ్మ. మెట్‌పల్లిలో బస్సెక్కి, కరీంనగర్‌లో దిగి, ఆటో మాట్లాడుకొని ఒక్కతే వచ్చింది. నేను ఆగబోయాను.

"ఆగకు!" అని కసిరింది. "ఇంకెంతున్నది?"

"ఒక్క చుట్టు అత్తమ్మా."

"మరి ఉర్కు! నన్నేం చూస్తవు? నేనేడికి పోత?"

ఉరికాను. నిజంగానే ఉరికాను. తమ్ముడు కట్ట కింద నుంచి నా పక్కనే పరిగెడుతూ ఏదేదో అరుస్తున్నాడు. చివరి గీత దగ్గర జనం చాలావరకు పోయారు, కుర్చీలు మడుస్తున్నారు. గడియారం మాత్రం ఇంకా తిరుగుతోంది. నేను గీత దాటాను. ఎవరో మెడలో పతకం వేశారు. రెండు చేతులూ పైకెత్తి నా అంత నేనే గట్టిగా అరిచాను. ఆడవాళ్ళు రోడ్డు మీద అలా అరవకూడదని నాకు చిన్నప్పటి నుంచీ చెప్పినవాళ్ళందరికీ వినబడాలన్నట్టు అరిచాను.

అత్తమ్మ మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. పతకాన్ని చేత్తో పట్టి తిప్పి చూసింది. నేను అడిగాను.

"వాడకట్టోళ్ళు ఏమన్నరు అత్తమ్మా?"

"ఏమంటరు? నవ్విన్రు. నడిమిట్ల ఆగుతే ఏం జేస్తవ్ అన్నరు."

"నువ్వేమన్నవ్?"

"బంగారం తిన్నోళ్ళు మూతి తుడ్సుకొని ఇంట్ల కూసోండ్రి అన్న. నా కోడలు ఒడగొట్టే వస్తది, జర ఆగుండ్రి అన్న." నా కళ్ళలోకి అనుమానంగా చూసింది. "ఇంకేమన్న ఉన్నదా? ఉంటే ఇప్పుడే చెప్పు."

"లేదత్తమ్మా. ఒడిసింది."

ఆమె నమ్మలేదు. ఒకసారి దెబ్బతిన్న మనిషి కదా. కుర్చీలు మడుస్తున్న అతన్ని పిలిచి, "అయ్యా, ఈమెది నిజంగ ఒడిసిందా? మల్ల ఇంకోటున్నదని అనరు గద?" అని అడిగింది. అతను నవ్వి, "మొత్తం ఒడిసిందమ్మా, ఇగ ఏం లేదు," అన్నాడు.

అప్పుడు అత్తమ్మ డబ్బా మూత తీసింది. లోపల ఒక బెల్లం ముద్ద ఉంది. పొద్దున అందరికీ పంచుతూ నా వంతు తీసి పెట్టిందట. చిన్న ముక్క తుంచి, చెమటా దుమ్మూ నిండిన నా నోట్లో పెట్టి, కొంగుతో నా మొహం తుడిచింది.

"బర్," అంది.